ముందు చక్రాలు చెప్పిన మాట వెనుక చక్రాలు వినాలంటే

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఏటీవీల గురించి, అంటే ఎగుడుదిగుడు నేల మీద హ్యాండిల్‌తో నడిపే లావు టైర్ల నాలుగు చక్రాల బండ్ల గురించి, ఇటీవల మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. ముందు చక్రాలు ఎంత వెడల్పు ఉండాలి, వెనుక చక్రాలు ఎంత వెడల్పు ఉండాలి, ఒక జతను మారిస్తే బండి నడక ఎలా మారుతుంది అన్నదే ఆ విషయం. అందువల్ల ఈ సంచికలో మిగతా ప్రశ్నలను ఆపి, వీటికే చోటిస్తున్నాము. పేర్లు వేయవద్దని కొందరు కోరినందున ఊళ్ల పేర్లతోనే సరిపెట్టాము.

ప్రశ్న: మాకు వికారాబాద్ దగ్గర చిన్న రిసార్టు ఉంది. అతిథుల కోసం నాలుగు ఏటీవీలు తిప్పుతున్నాము. మొరం ట్రాక్ మీద మలుపుల్లో వెనుక భాగం జారుతోందని చెబితే, మెకానిక్ ఒక బండికి 20×10-9 వెనుక టైర్లు తీసి 20×11-9 టైర్లు వేశాడు. దానితోపాటు రెండు వైపులా చక్రాన్ని బయటికి జరిపే రెండేసి అంగుళాల దిమ్మలు, అంటే స్పేసర్లు, కూడా బిగించాడు. ముందు మాత్రం పాత 21×7-10 టైర్లే ఉన్నాయి. ఇప్పుడు జారడం పోయింది కానీ, హ్యాండిల్ ఎంత తిప్పినా బండి తిన్నగా పోయి ట్రాక్ అంచున పేర్చిన పాత టైర్లకు కొట్టుకుంటోంది. ముందు కూడా వెడల్పు టైర్లు వేస్తే సరిపోతుందా?
– వికారాబాద్

జవాబు: మీ మెకానిక్‌ను తప్పుపట్టలేము. వెనుక భాగం జారకూడదని మీరు అడిగారు, జారకుండా చేసి ఇచ్చాడు. అయితే మలుపు తిరగడమన్నది ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య జరిగే బేరం. ముందు జత పక్కకు రమ్మని లాగుతుంది, వెనుక జత తిన్నగానే పోదామంటుంది. నేల మీద ఎవరి పట్టు ఎక్కువైతే బండి వారి మాట వింటుంది. మీ బండిలో ముందు జత పట్టు రవ్వంత కూడా పెరగలేదు, వెనుక జత పట్టు మాత్రం రెండు దారుల్లో పెరిగింది. ఆ రెండింటినీ విడదీసి చూస్తే తప్ప ఏది తీయాలో, ఏది ఉంచాలో తేలదు.

చక్రాల వెడల్పు అని మనం ఒకే మాటగా అనేదానిలో రెండు కొలతలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి టైరు వెడల్పు. టైరు పక్కన అచ్చువేసిన 20×11-9 అన్న అంకెల్లో మొదటిది టైరు మొత్తం ఎత్తు, రెండోది అడ్డపు వెడల్పు, మూడోది రిమ్ము వ్యాసం. మూడూ అంగుళాల్లోనే ఉంటాయి. రెండో కొలత ఎడమ చక్రం నడిమి నుంచి కుడి చక్రం నడిమి వరకు ఉండే దూరం, దానినే మెకానిక్‌లు ట్రాక్ అంటారు. టైరు మార్చినప్పుడు మొదటి కొలత మారింది, స్పేసర్లు బిగించినప్పుడు రెండోది ఒక్కసారిగా నాలుగు అంగుళాలు, అంటే సుమారు 10 సెంటీమీటర్లు పెరిగింది. నా లెక్కలో మీ ఇబ్బందికి ముఖ్య కారణం టైరు కాదు, స్పేసరు.

మొదట టైరు సంగతి చూద్దాం. వెడల్పు టైరు వేస్తే నేలను తాకే మేర బాగా పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ మేరను ప్రధానంగా నిర్ణయించేది టైరు మీద పడే బరువు, లోపలి గాలి. బండి 200 కిలోలు, మనిషి 75 కిలోలు అనుకుని, అందులో అరవై శాతం వెనుక పడుతుందనుకుంటే ఒక్కో వెనుక టైరు మీద 82 కిలోల దాకా ఉంటుంది. గాలి ఒత్తిడి 4 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి 4 పౌండ్లు) ఉంటే, టైరు గోడ బిగువును లెక్కలోకి తీసుకోకుండా చూసినప్పుడు, నేలను తాకే మేర సుమారు 290 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. పది అంగుళాల టైరైనా పదకొండు అంగుళాల టైరైనా ఆ మేర ఇంచుమించు అంతే. మారేది దాని ఆకారం. పది అంగుళాల టైరు కింద అది 25 సెంటీమీటర్ల వెడల్పు, పదకొండున్నర పొడవు గల ముద్ర అవుతుంది, పదకొండు అంగుళాల టైరు కింద 28 వెడల్పు, పదిన్నర పొడవు అవుతుంది. అదే గాలిని 4 నుంచి 8 పీఎస్‌ఐకి పెంచారనుకోండి, ముద్ర దాదాపు సగానికి పడిపోతుంది. అంటే మీరు టైర్లకు ఖర్చుపెట్టి తెచ్చుకున్న మార్పు కంటే, పొద్దున్నే గాలి కొట్టే కుర్రవాడి చేతిలో జరిగే మార్పు ఎన్నో రెట్లు పెద్దది.

ఇక ట్రాక్ సంగతి. మీ దగ్గర ఉన్నవాటివంటి చెయిన్‌తో నడిచే బండ్లలో వెనుక ఇరుసు ఒకే కడ్డీగా ఉంటుంది, రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉండదు. రెండు వెనుక చక్రాలూ ఎప్పుడూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. ట్రాక్టరు నడిపినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది: బురదలో కూరుకుపోయినప్పుడు డిఫరెన్షియల్ లాక్ తొక్కి బయటపడతాము, బయటపడ్డాక కాలు తీయడం మరచిపోతే స్టీరింగు ఎంత కోసినా ట్రాక్టరు తిన్నగానే ఈడ్చుకుపోతుంది. మీ ఏటీవీ పుట్టుకతోనే ఆ లాక్ తొక్కి ఉన్న బండి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. ఇరుసు ఒప్పుకోదు కాబట్టి ఏదో ఒకటి, తరచుగా రెండూ, నేల మీద రాసుకుంటూ పోవాలి. ఎంత రాసుకోవాలన్నది లెక్క కట్టవచ్చు. పావు వృత్తం తిరిగేటప్పుడు రెండు చక్రాల దారుల మధ్య తేడా ట్రాక్‌కు 1.57 రెట్లు ఉంటుంది, మలుపు చిన్నదైనా పెద్దదైనా ఆ తేడా మారదు. ట్రాక్ 90 సెంటీమీటర్లైతే 141 సెంటీమీటర్లు, 100 సెంటీమీటర్లైతే 157. అంటే మీ మొరం దారి మీద అలాంటి ప్రతి మలుపులోనూ వెనుక టైర్లు ఇంతకుముందు కంటే సుమారు 16 సెంటీమీటర్లు అదనంగా రాసుకోవలసి వస్తోంది. ఆ రాపిడి బండిని మలుపు నుంచి వెనక్కి, తిన్నటి దారిలోకి తిప్పడానికే పనిచేస్తుంది. పైగా ట్రాక్ పెరిగినకొద్దీ ఆ రాపిడి పనిచేసే మీట పొడవు కూడా పెరుగుతుంది.

ముందు కూడా వెడల్పు టైర్లు వేయాలన్న మీ ఆలోచన వినడానికి సబబుగానే ఉంది కానీ, నేను ఒప్పుకోను. మొరం నేల మీద పైన గులకరాళ్ల పొర, కింద గట్టి మట్టి ఉంటాయి. సన్నని ముందు టైరు ఆ పొరను చీల్చుకుని కింది గట్టి నేలను పట్టుకుంటుంది, వెడల్పు టైరు గులకల మీద తేలుతుంది, తిప్పినప్పుడు ముందున్న మట్టిని బుల్‌డోజరు రేకులాగా తోస్తుంది. హ్యాండిల్ బరువెక్కుతుంది. వచ్చే అతిథుల్లో చాలామంది జీవితంలో మొదటిసారి ఈ బండి ఎక్కేవారే కదా, వారి చేతులకు ఆ బరువు పదిహేను నిమిషాల్లో తెలిసిపోతుంది. ముందు చక్రాలకు స్పేసర్లు పెట్టడం ఇంకా చేటు. హ్యాండిల్ తిప్పినప్పుడు చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో, ఆ గీత నేలను తాకే చోటికీ టైరు నడిమికీ మధ్య కొంచెం దూరం ఉంటుంది. ఆ దూరం 3 సెంటీమీటర్లున్న బండికి ఒక్కో వైపు ఒక అంగుళం స్పేసరు పెడితే అది ఐదున్నర అవుతుంది. అప్పుడు ఒక వైపు చక్రం రాయిని కొట్టినప్పుడు హ్యాండిల్‌కు తగిలే గుద్దు ఇంచుమించు రెండింతలవుతుంది. బొటనవేలు థ్రాటిల్ (వేగం పెంచే మీట) మీద ఉంచి నడిపే బండిలో హ్యాండిల్ చేతిలోంచి కొట్టుకుపోవడం ఏమంత చిన్న విషయం కాదు.

కాబట్టి మొదట వెనుక స్పేసర్లు తీయించండి. టైర్లు కొన్నారు కాబట్టి ప్రస్తుతానికి ఉంచండి. తరువాత ఈ చిన్న పరీక్ష చేయండి: ఒక పెద్ద అట్టపెట్టెను విప్పి నేల మీద పరచి, టైరు కింది భాగానికి తడి సున్నం పూసి, మామూలు బరువున్న మనిషిని కూర్చోబెట్టి, బండిని మెల్లగా అట్ట మీదికి నెట్టి ఆపి, కిందినుంచి అట్టను లాగండి. ముద్ర నడిమిలోనే గుండ్రంగా పడితే గాలి ఎక్కువ ఉంది, అంచులు ముదురుగా పడి నడుము తేలిపోతే గాలి తక్కువ ఉంది. నాలుగు చక్రాలకూ ఇలా ముద్రలు తీసి, వాటి మీద తేదీ, గాలి అంకె రాసి గోడకు తగిలించుకుంటే, బండి ఎందుకు మారిందో మీకే కనబడుతుంది. గాలి చూడటానికి మాత్రం తక్కువ పీఎస్‌ఐ కొలిచే మీటరు వేరేగా కొనండి, పంచర్ షాపు మీటరులో 4కూ 6కూ తేడా కనబడదు. వెనుక గాలిని బండి పుస్తకంలో ఉన్న అంకె దగ్గర ఉంచి, ముందు గాలిని ఒక్కో అర పీఎస్‌ఐ తగ్గించుకుంటూ, తయారీదారు చెప్పిన కనిష్ఠానికి దిగకుండా, అదే మలుపును అదే వేగంతో తిరిగి చూడండి.

ఈ సలహా పుస్తకాల్లోంచి వచ్చింది మాత్రమే కాదు. ఒక మిత్రుని తోటలో పాత బండికి నేనూ వెనుక స్పేసర్లే పెట్టించి, ఎంతో మెరుగైందని అందరికీ చెప్పుకుని, సాయంత్రానికి మామిడి చెట్టు మొదలు దగ్గర ఆగాను. చెట్టుకు ఏమీ కాలేదు.

ప్రశ్న: మేము బాహా పోటీకి, అంటే విద్యార్థులే ఎగుడుదిగుడు నేల మీద నడిచే బండి తయారుచేసి నడిపే పోటీకి, బండి తయారు చేస్తున్న ఇంజనీరింగ్ విద్యార్థులం. కంపెనీ ఏటీవీలకు వెనుక టైర్లు వెడల్పుగా ఉంటాయి. మా సీనియర్లు మాత్రం ముందు ట్రాక్ 130, వెనుక ట్రాక్ 125 సెంటీమీటర్లు పెట్టి, నాలుగు టైర్లూ ఒకే కొలతవి వేశారు. ఎందుకని అడిగితే ఓవర్‌స్టీర్ కోసమని ఒక్క ముక్క చెప్పారు. అది నిజమేనా?
– భీమవరం

జవాబు: నిజమే కానీ, ఆ ఒక్క ముక్కలో మూడు సంగతులు దాగి ఉన్నాయి, అవి మూడూ ఒకే బలం గలవి కావు.

బాహా ఎస్‌ఏఈ ఇండియా పోటీ 2007 నుంచి జరుగుతోంది, ఇండోర్ పక్కనున్న పీథంపూర్ మైదానం మన కళాశాలల బృందాలకు బాగా తెలిసిన చోటే. నియమాల ప్రకారం బండి వెడల్పు 162 సెంటీమీటర్లు మించకూడదు, పెట్రోలు బండ్లన్నింటికీ ఒకే రకం ఇంజను. బలంతో గెలిచే వీలు లేనప్పుడు మలుపులో వేగం పోగొట్టుకోకుండా తిరిగేవారిదే పైచేయి అవుతుంది. బండి మలుపులో ముందుకు జారిపోవడాన్ని అండర్‌స్టీర్ అనీ, వెనుక భాగం బయటికి తిరిగి ముక్కు లోపలికి రావడాన్ని ఓవర్‌స్టీర్ అనీ అంటారని మీకు తెలుసు. ఇరుకు మలుపుల పరీక్షలో రెండోదే కావాలి.

మొదటి సంగతి బరువు మార్పు. మలుపులో లోపలి చక్రాల బరువు బయటి చక్రాల మీదికి పోతుంది. ఏ ఇరుసు మీద ఈ మార్పు ఎక్కువగా జరిగితే ఆ ఇరుసు పట్టు కొంత తగ్గుతుంది, ఎందుకంటే బయటి టైరుకు అందిన అదనపు బరువుకు తగినంత అదనపు పట్టు దానినుంచి రాదు. ట్రాక్ వెడల్పైన చోట మార్పు తక్కువ, ఇరుకైన చోట ఎక్కువ. అయితే ఎంత తేడా అన్నది చూడండి. బండీ నడిపేవాడూ కలిసి 250 కిలోలు, బరువు కేంద్రం నేలకు 55 సెంటీమీటర్ల ఎత్తున, పక్కకు లాగే బలం బరువులో ఆరు పదోవంతులు అనుకుంటే, ట్రాక్ 125 ఉన్నప్పుడు మొత్తం 66 కిలోలు మారతాయి, 130 ఉన్నప్పుడు 63న్నర. రెండున్నర కిలోల తేడా! వెనుక స్ప్రింగు బిగువు ఒక మెట్టు మార్చితే దీనికంటే ఎక్కువ తేడా తెచ్చుకోవచ్చు. కాబట్టి ఈ కారణం ఒక్కటే చెప్పి జడ్జీల ముందు నిలబడకండి.

రెండో సంగతి ఇరుసు, దీనికి బలం ఎక్కువ. మీ బండిలో డిఫరెన్షియల్ ఉందా, లేదా? మూడు చక్రాల సరుకు ఆటో గేర్‌బాక్సు వాడే బృందాలకు అది గేర్‌బాక్సుతోనే వస్తుంది. దానిని వెల్డింగ్ చేసి లాక్ చేసేవారు కూడా ఉన్నారు. లాక్ చేసి ఉంటే, పై జవాబులో చెప్పిన రాపిడి మొత్తం మీకూ వర్తిస్తుంది, 5 సెంటీమీటర్లు తగ్గించిన ప్రతిసారీ పావు వృత్తానికి 8 సెంటీమీటర్ల రాపిడి తగ్గుతుంది. లాక్ చేసిన బండ్లలో ఆరితేరినవారు లోపలి వెనుక చక్రం మలుపులో నేలనుంచి కొంచెం లేచేలా ముందు సస్పెన్షన్ కోణాలు పెడతారు. చక్రం గాలిలో ఉంటే రాసుకునేదేమీ ఉండదు. లాక్ చేయకుండా మామూలు డిఫరెన్షియల్ ఉంచితే మాత్రం ఆ లేచిన చక్రమే గిరగిరా తిరిగి, ఇంజను బలం మొత్తాన్ని తినేస్తుంది. అందువల్ల సీనియర్ల ట్రాక్ కొలతలు తీసుకుని, వారి గేర్‌బాక్సు తీసుకోకపోతే, మీకు అదే నడక రాదు.

మూడోది ఏ లెక్కా అక్కరలేని సంగతి. నడిపేవాడికి ముందు చక్రాలు కనబడతాయి, వెనుకవి కనబడవు. మలుపులో వెనుక చక్రాలు ముందువాటి కంటే లోపలి దారిలో వస్తాయి. వెనుక భాగం కాస్త ఇరుకుగా ఉంటే ముందు చక్రం తప్పించుకున్న బండరాయిని వెనుక చక్రం కూడా తప్పించుకుంటుంది. నాలుగు గంటల ఎండ్యూరెన్స్ పరుగులో ఎన్ని బండ్ల వెనుక చక్రాలను పట్టి ఉంచే ఆర్మ్‌లు విరిగాయో చూసినవారు ఈ కారణాన్నే మొదట చెబుతారు, నేను కూడా దీనినే మొదట చెప్పమంటాను.

కంపెనీ ఏటీవీకి వెనుక వెడల్పు టైర్లు ఎందుకంటే, దాని పని వేరు. వెనుక క్యారియర్ మీద సామాను, వెనుక హుక్‌కు ట్రాలీ, ఇంజను లాగే బలం అంతా వెనుక టైరు మోయాలి. మీ బండి ఎవరి బస్తాలూ మోయదు.

ప్రశ్న: నేను పదేళ్లుగా అమెరికాలో ఉంటున్నాను. సెలవుల్లో మిత్రులతో కలిసి అడవి దారుల్లోనూ ఇసుక దిబ్బల మీదా స్పోర్ట్ ఏటీవీలు నడుపుతాను. సొంత బండి కొందామంటే వెడల్పు ఎంచుకోవడం దగ్గరే ఆగిపోయాను. ఒకే బండి రెండు చోట్లా పనికొస్తుందా?
– డాలస్

జవాబు: బండి పనికొస్తుంది, చక్రాలు పనికిరావు. రెండు జతల రిమ్ములు ఉంచుకోవడం తప్ప మరో మార్గం నాకు కనబడలేదు.

వెడల్పు ప్రభావం చూడటానికి మీరున్న దేశపు విపణిలోనే చక్కని ఉదాహరణ ఉంది. యమహా 2009లో మోటోక్రాస్ (ఎత్తుపల్లాల మట్టి ట్రాక్ పందెం) కోసం వైఎఫ్‌జెడ్ 450ఆర్‌ను 48.8 అంగుళాల వెడల్పుతో తెచ్చింది. మరుసటి ఏడాదే అడవి దారుల పందేల కోసం 450ఎక్స్ అని 46.1 అంగుళాల వెడల్పుతో మరొకటి తెచ్చింది. ఇంజను పరిమాణం రెండింటికీ 449 సీసీయే. గాలిలోకి ఎగిరి దిగే మోటోక్రాస్ ట్రాక్‌లో ప్రతి అంగుళం వెడల్పూ నిలకడ ఇస్తుంది. చెట్ల మధ్య మాత్రం అదే అంగుళం బెరడును గీసుకుంటూ పోతుంది. రెండున్నర అంగుళాల చిల్లర తేడా కోసం ఒక కంపెనీ రెండు బండ్లు చేసిందంటే ఆ తేడా ఎంత విలువైనదో ఊహించవచ్చు.

అడవి దారుల్లో మరొక లెక్క కూడా ఉంది. అమెరికా అటవీ శాఖ నిర్వహించే దారుల్లో చాలావాటిలోకి 50 అంగుళాలు, అంతకంటే తక్కువ వెడల్పున్న బండ్లనే అనుమతిస్తారు. ఈ కొలత చక్రాల నడిమి నుంచి కాదు, బండి అతి వెడల్పైన చోటు నుంచి తీస్తారు. 48.8 అంగుళాల బండికి అంగుళం స్పేసర్లు రెండు వైపులా పెడితే 50.8 అవుతుంది, దారి మొదట్లోనే ఇనుప స్తంభాల మధ్య ఇరుక్కుంటుంది. రిమ్ము కొనేటప్పుడు 4+1, 3+2 అన్న అంకెలు చూస్తారు కదా, అవి రిమ్ము వెడల్పులో లోపలికి ఎంత, బయటికి ఎంత ఉందో చెబుతాయి. 4+1 తీసి 3+2 వేస్తే చక్రం ఒక్కో వైపు ఒక అంగుళం బయటికి వస్తుంది, స్పేసరు లేకుండానే స్పేసరు పెట్టినట్టవుతుంది. చాలామంది ఈ లెక్క తెలియక, బాగుందని రిమ్ములు కొని, తరువాత హ్యాండిల్ ఎందుకు కొడుతోందని అడుగుతుంటారు.

ఇసుక దిబ్బల మీద ముందు వెనుక చక్రాల మధ్య ఉన్న పని విభజన ఇంకెక్కడా లేనంత స్పష్టంగా కనబడుతుంది. వెనుక టైరు మీద అడ్డంగా రబ్బరు రెక్కలు ఉంటాయి, అది తెడ్డు. ముందు టైరు నున్నగా ఉండి, నడిమిలో ఒకటి రెండు గట్లు మాత్రమే చుట్టూ ఉంటాయి, అది చుక్కాని. తెడ్డు వెడల్పుగా ఉంటేనే ఇసుకలో కూరుకుపోకుండా నెట్టగలదు. చుక్కాని పని వేరు, అది కొంచెం దిగితేనే దారి మారుతుంది. పడవ మీద గోదావరి దాటినవారికి ఇంతకంటే చెప్పనక్కరలేదు. ముందు కూడా లావు టైర్లు వేసి ఇసుకలోకి పోయినవారు థ్రాటిల్ వదిలి, ముక్కు మీదికి బరువు వచ్చాకే మలుపు తిరగగలుగుతారు.

ప్రశ్న: చేపల చెరువుల గట్ల మీద మేత బస్తాలు చేరవేయడానికి పాత ఏటీవీ కొన్నాను. వానాకాలంలో బంకమట్టిలో వెనుక చక్రాలు ఒకే చోట తిరుగుతున్నాయి. వెడల్పు టైర్లు వేయమని ఒకరు, సన్నవి వేయమని ఒకరు చెబుతున్నారు.
– కైకలూరు

జవాబు: ఇద్దరూ సరిగానే చెప్పారు, వేర్వేరు బురదల గురించి. జానెడు బురద కింద గట్టి నేల ఉంటే సన్న టైరు బురదను కోసుకుని ఆ నేలను అందుకుంటుంది. అడుగు తెలియని బురదైతే వెడల్పు టైరు తేలుతుంది. వరి మడిలో ట్రాక్టరుకు దమ్ము చక్రాలు ఎందుకు వేస్తామో ఆలోచించండి: అవి వెడల్పుగా ఉంటాయి, అయినా వాటి మధ్య అంతా ఖాళీయే, మట్టి పట్టుకోవడానికి చోటు లేదు. మీ గట్టు మీది మట్టి కొల్లేటి బంకమట్టి, అది టైరు గుబ్బల మధ్య నిండిపోయి, రెండు చుట్లలో టైరును నున్నని డ్రమ్ములా చేస్తుంది. మీకు కావలసింది వెడల్పు కాదు, గుబ్బల మధ్య ఎక్కువ ఖాళీ. వెనుక ఇప్పుడున్న వెడల్పునే ఉంచి, లోతైన, దూరదూరంగా ఉన్న గుబ్బలు గల టైర్లు వేయండి. చక్రాలను బయటికి జరపవద్దు, బండి వెడల్పు పెరిగినకొద్దీ టైరు గట్టు అంచు దగ్గరికి పోతుంది, తడిసిన గట్టు మొదట విరిగేది అక్కడే. మేత బస్తా మొత్తం వెనకే వేస్తే ముందు చక్రాలు తేలికై హ్యాండిల్ మాట వినవు, ముందు క్యారియర్ ఉంటే బండి పుస్తకం చెప్పిన మేరకు కొంత అక్కడికి మార్చండి.

ప్రశ్న: మా తోటలో పన్నెండేళ్ల మా అబ్బాయి ఏటీవీ నడుపుతుండగా ఏటవాలు మీద పక్కకు ఒరిగింది. దెబ్బలేమీ తగలలేదు. చక్రాలు బయటికి జరిపిస్తే ఒరగకుండా ఉంటుందా?
– హైదరాబాద్

జవాబు: కొంచెం తగ్గుతుంది, మీరు ఆశించినంత కాదు. ట్రాక్ 80 సెంటీమీటర్లు, మనిషితో కలిపి బరువు కేంద్రం 60 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, కదలకుండా నిలిపిన బండి కాగితం లెక్కలో 33న్నర డిగ్రీల వాలు దాకా ఒరగదు. ట్రాక్‌ను 90 చేస్తే 37కు చేరుతుంది. మెత్తని టైర్లు నొక్కుకుపోవడం, గుంతలు, వేగం అన్నీ కలిసి ఈ మూడు డిగ్రీల చిల్లర లాభాన్ని క్షణంలో మింగేస్తాయి.

దీనికంటే పెద్ద సంగతి నడిపేవారి బరువు. 200 కిలోల బండి మీద 75 కిలోల పెద్దమనిషి వాలు పైవైపుకు 20 సెంటీమీటర్లు ఒరిగితే మొత్తం బరువు కేంద్రం ఐదున్నర సెంటీమీటర్లు జరుగుతుంది, అది ట్రాక్‌ను 11 సెంటీమీటర్లు పెంచినంత పని చేస్తుంది. అదే బండి మీద 35 కిలోల అబ్బాయి అంతే ఒరిగితే కేంద్రం జరిగేది 3 సెంటీమీటర్లే. స్పేసర్లు ఎన్ని పెట్టినా ఈ లోటు తీరదు. అమెరికాలో అమ్మే పెద్దల ఏటీవీల మీద 16 ఏళ్ల లోపువారు నడపరాదన్న హెచ్చరిక చీటీ అంటించి ఉంటుంది, దాని వెనుక ఉన్న కారణాల్లో ఇదొకటి. మీ అబ్బాయికి తన బరువుకు తగిన చిన్న బండి కొనండి, లేదా కొన్నేళ్లు ఆగండి.

చక్రాల అమరిక ఒరగడాన్ని ఎంతగా నిర్ణయిస్తుందో చెప్పే చరిత్ర ఒకటుంది. 1970లో హోండా మూడు చక్రాల ఏటీవీని అమెరికా విపణిలోకి తెచ్చింది. ముందు ఒకే చక్రం ఉన్నందువల్ల బండి ఒరిగే గీత ముందు చక్రం నుంచి వెనుక చక్రానికి ఏటవాలుగా పోతుంది. వెనుక సగం ట్రాక్ 40 సెంటీమీటర్లు ఉన్నా, బరువు కేంద్రం ఉన్న చోట అసలు ఆసరా 24 సెంటీమీటర్లే మిగలవచ్చు. వెనుక ఎంత వెడల్పు చేసినా ముందు ఒక్క చక్రం ఉన్నంతకాలం ఆ ఆసరాలో కొంత పోతూనే ఉంటుంది. ప్రమాదాలు పెరిగి, అమెరికా ప్రభుత్వపు వినియోగదారుల భద్రతా సంఘంతో తయారీదారులు 1988లో కుదుర్చుకున్న ఒప్పందంతో కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకం అక్కడ ఆగిపోయింది. అప్పటికే 1980ల మొదట్లో సుజుకి తెచ్చిన నాలుగు చక్రాల అమరిక స్థిరపడింది. నేడు మనం చూసే ఏటీవీలన్నీ ఆ అమరికలోనివే.

ప్రశ్న: నాది ఫోర్ వీల్ డ్రైవ్ బండి. ముందు 25×8-12, వెనుక 25×10-12 టైర్లు ఉన్నాయి. వెనుక మాత్రమే 27 అంగుళాలవి వేయవచ్చా?
– విశాఖపట్నం

జవాబు: వేయవద్దు. ముందు వెనుక టైర్ల వెడల్పు తేడాగా ఉండవచ్చు, మీ బండికి కంపెనీయే అలా ఇచ్చింది. ఎత్తు మాత్రం కంపెనీ ఇచ్చిన నిష్పత్తిలోనే ఉండాలి. 25 అంగుళాల టైరు ఒక చుట్టుకు సుమారు 2 మీటర్లు పోతుంది, 27 అంగుళాలది దానికంటే 16 సెంటీమీటర్లు ఎక్కువ పోతుంది. నాలుగు చక్రాలూ షాఫ్టుతో కలిసినప్పుడు ఆ 16 సెంటీమీటర్ల తగువు ఎక్కడో ఒక చోట తీరాలి. బురదలో టైరు జారి తీరుస్తుంది, గట్టి నేల మీద గేర్లు మోస్తాయి. వెనుక చక్రాలు జారినప్పుడే ముందు చక్రాలకు బలం పంపే ఏర్పాటున్న బండ్లలోనైతే, వెనుక ఎత్తు పెరగడం వల్ల ఆ బలం అవసరమైన దానికంటే ఆలస్యంగా అందుతుంది. టైరు పక్కనున్న అంకెను కూడా పూర్తిగా నమ్మవద్దు, ఒకే అంకె ఉన్న రెండు కంపెనీల టైర్లు ఎత్తులో తేడాగా ఉండటం మామూలే. గాలి సరిగా నింపి, టైరు నడుము చుట్టూ కొలత టేపు వేసి, ముందు జతనూ వెనుక జతనూ విడివిడిగా కొలిచి రాసుకుని, ఆ కాగితం తీసుకుని దుకాణానికి వెళ్లండి.